క్లౌడ్ ఆధారిత దత్తాంశ సమన్వయం: స్థలనామాల సమస్య - మెదక్ ఉదాహరణ

వ్యాపార సంస్థల అమ్మకాలు, నిల్వలు, చెల్లింపుల వివరాలు సాధారణంగా వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. వాటిని సేకరించి, ఒకే రూపంలోకి మార్చి, ఒకచోట చేర్చడమే దత్తాంశ సమన్వయం. ఏడబ్ల్యూఎస్ గ్లూ, అజూర్ డేటా ఫ్యాక్టరీ వంటి క్లౌడ్ సాధనాలు సొంత సర్వర్ల అవసరం లేకుండా, వాడుకున్న మేరకే రుసుముతో ఈ పని చేస్తాయి. అయితే రెండు పట్టికల్లో కనిపించే ఒకే పేరుకు ఒకే అర్థం ఉన్నదో లేదో నిర్ధారించుకోవలసిన బాధ్యత వినియోగదారునిదే.

ఇందుకు ‘మెదక్’ అనే పేరే నిదర్శనం. 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయింది. అంతవరకు జిల్లా కేంద్రం సంగారెడ్డి. ఆనాటి నుంచి మెదక్ పట్టణం కొత్త మెదక్ జిల్లాకు కేంద్రమైంది.

మెదక్ పట్టణం నుంచి ఎరువులు పంపిణీ చేసే ఒక సంస్థను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని 2015 ఖాతాల్లో సిద్దిపేట డీలరు చిరునామా ‘మెదక్ జిల్లా’. 2017 ఖాతాల్లో ‘సిద్దిపేట జిల్లా’. జిల్లా పేరును బట్టి రెండింటినీ కలిపితే మెదక్‌లో అమ్మకాలు పడిపోయినట్లు నివేదిక చూపుతుంది. ఒక్క బస్తా తగ్గకపోయినా, సిబ్బందిని తగ్గించే నిర్ణయానికి అది దారితీయవచ్చు.

జిల్లా మారినా పిన్‌కోడు మారలేదు: మెదక్ 502110, సిద్దిపేట 502103. కనుక పిన్‌కోడు, గ్రామం ఆధారంగా పాత చిరునామాలను నేటి జిల్లాలతో జతపరిచే పట్టికను, మార్పు తేదీతో సహా, ముందుగా రూపొందించుకోవాలి. పాత జిల్లా పేరును చెరిపివేయరాదు. పాత బిల్లులతో సరిచూడడానికి అది అవసరం. ఈ పట్టికకు ఖరీదైన సాధనం అక్కరలేదు. ఆ ప్రాంతపు మండలాలు, గ్రామాలు ఎరిగిన గుమాస్తా సహకారం చాలు. సాధనాన్ని ఎంపిక చేయడానికి ముందే ఈ పని పూర్తి కావాలి.