ఇంటిలో నిలిపి ఉంచిన మోటారు సైకిలు: ముందు మనుషుల భద్రత, తరువాత బండి భద్రత

కార్తీకం గడిచి వరికోతలు ముగిసిన తరువాత సరిహద్దు గ్రామాల నుండి దూరప్రాంతాలకు పనికి తరలే యువకులలో పలువురు మోటారు సైకిలును ఇంటివద్దనే వదలి వెళ్తారు. గంజాం జిల్లా నుండి సూరత్ మగ్గాలకు వెళ్ళేవారైనా, కృష్ణగిరి పల్లెల నుండి బెంగళూరు కట్టడాల పనికి వెళ్ళేవారైనా తిరిగి వచ్చేది సంక్రాంతికో, ఉగాదికో. వాయిదాలపై కొన్న బండిని వీధిలో ఉంచడానికి మనసొప్పదు గనుక ముందుగదిలోకి ఎక్కిస్తారు. ఆ గదిలోనే వృద్ధులైన తల్లిదండ్రులు, పిల్లలు నిద్రిస్తారు.

చలికాలమంతా బండిని నిలిపి ఉంచే పద్ధతి మంచు కురిసే దేశాలలో బాగా స్థిరపడింది. అయితే అక్కడివారు చెప్పే జాగ్రత్తలలో అధికభాగం ఇంటికి వేరుగా ఉండే వాహనపు గదిని దృష్టిలో ఉంచుకొని చెప్పినవి. ఒకే వాకిలి, రెండే గదులు గల మన ఇండ్లకు వాటిని యథాతథంగా అన్వయించరాదు.

మొదట గ్రహించవలసినది పెట్రోలు స్వభావం. తరతరాలుగా కిరసనాయిలుతో అలవాటు పడినవారు పెట్రోలును కూడ దాని వంటిదేనని తలుస్తారు. కిరసనాయిలు దాదాపు 38 డిగ్రీలకు వేడెక్కితే గాని అంటుకునేంత ఆవిరిని ఇవ్వదు. పెట్రోలు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడ అట్టి ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి లేవక నేలవెంట పాకుతుంది. కట్టెలపొయ్యి ఉండేది నేలపైన, దోమల కాయిల్ వెలిగించేది నేలపైన, దేవుని ముందు దీపం పెట్టేది కూడ పలు ఇండ్లలో నేలకు దగ్గరగానే. కనుక పొయ్యి ఉన్న గదిలోను, దానికి తలుపు లేకుండా కలిసి ఉన్న గదిలోను బండిని ఉంచరాదు. వంటగది గట్టు మీద గ్యాసు పొయ్యి ఉన్నది గదా అన్న ధైర్యం కూడ పనికిరాదు.

రెండవది వాకిలి. బరువైన బండిని లోపలికి ఎక్కువ దూరం తోయడం కష్టం గనుక గడప దాటగానే నిలుపుతారు. రాత్రివేళ నిప్పు అంటుకుంటే పడుకున్నవారికీ వాకిలికీ నడుమ అదే అడ్డుగోడ అవుతుంది. దీనికంటె దూలాలకు కట్టిన పెంకుల పంచలోనో, దొడ్డివైపు కొట్టంలోనో గట్టి గొలుసుతో స్తంభానికి బిగించి ఉంచడం మేలు. దొంగ భయం కొంత మిగులుతుంది, నిజమే. కాని బండిని మరల కొనవచ్చును.

ట్యాంకులో పెట్రోలు ఎంత ఉండాలన్నది అందరూ అడిగే ప్రశ్న. రేకు ట్యాంకు నిండుగా ఉంటే లోపల తుప్పు పట్టదని కొందరు మెకానిక్కులు చెప్పేది సరియే. అది వేరు కొట్టంలో ఉంచేవారికి తగును. మనుషులు పడుకునే ఇంట తప్పనిసరై ఉంచవలసి వస్తే, వెళ్ళేముందు పది దినాలు కొత్తగా పోయించక నడిపి పెట్రోలును అడుగంటనీయాలి. తుప్పు కొంత పట్టినా ఫరవాలేదు. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్బురేటర్ ఉన్న పాత బండ్లకు పెట్రోలు ట్యాపు మూసి, ఆరుబయట ఇంజను తనంత తాను ఆగిపోయేవరకు నడపాలి. లేనిచో మిగిలిన చుక్కలు జిగురై సన్నని రంధ్రాలను మూసివేస్తాయి. 2020 ఏప్రిల్ తరువాతి బండ్లలో అధికభాగం ఇంజెక్షన్ పద్ధతివి. వాటికి ఈ పని లేదు.

తీసిన పెట్రోలును నీళ్ళ సీసాలో పోసి ఇంటిలో దాచడం అన్నిటికంటె చెడ్డది. ఒడియా వాడుకలో వంటనూనెకూ బండి ఇంధనానికీ ‘తెల’ అన్న మాటే వినిపిస్తుంది. ఆ సీసాను ఎవరైనా పొయ్యి దగ్గరకు తెచ్చే ప్రమాదం ఉన్నది. దానిని వెంటనే మరొకరి బండిలో పోయడమే ఉత్తమం.

ఎలుకల విషయం అల్పమైనదిగా తోచవచ్చును. ధాన్యపు బస్తాల పక్కన నిలిపిన బండిలో అవి తీగలనే గాక పెట్రోలు గొట్టాన్ని కూడ కొరుకుతాయి. కారిన పెట్రోలు నేలమీదికే చేరుతుంది. అందుచేత బస్తాలకు దూరంగా నిలిపి, వారానికొకసారి అడుగున తడి, వాసన ఉన్నవేమో చూడమని ఇంటిలో ఉండేవారికి చెప్పి వెళ్ళాలి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కేవారు దాని కొసను ఎర్రగా వేలాడనిస్తే తిరిగి తీయడం మరువరు.

మట్టినేలపై సైడు స్టాండు దిగబడి బండి ఒరుగుతుంది. మెయిన్ స్టాండు వేసి అడుగున పలక పెట్టాలి. కొరాపుట్ వైపు పొగమంచు కురిసే ఊళ్ళలో ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. పాత నూలు దుప్పటి చాలును. గొలుసుకు నూనె రాయడం ఎవరికీ చెప్పనక్కరలేదు.

బ్యాటరీ తీగలను విప్పి ఉంచితే నెలల తరబడి ఛార్జి మెల్లగానే తగ్గుతుంది. విప్పేటప్పుడు మొదట నల్ల తీగ, బిగించేటప్పుడు మొదట ఎర్ర తీగ. ఈ వరుస తప్పితే స్పానరు ఇనుప చట్రానికి తగిలి నిప్పురవ్వలు రాలవచ్చును.

“వారానికొకసారి స్టార్టు చేస్తుండు నాన్నా” అని ఫోనులో చెప్పే కొడుకులు ఉన్నారు. ఆ అయిదు నిమిషాలలో బ్యాటరీకి చేరేది స్వల్పం, ఇంజనులో చేరేది తేమ. మూసిన గదిలో అయితే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీయగలదు. నడపదలచుకుంటే బయటికి తోసి, తెలిసినవారిచేత అరగంట దారిలో నడిపించాలి. లేదా ముట్టకుండ ఉంచాలి.

విద్యుత్ స్కూటర్లకు పెట్రోలు భయం లేకున్నా, వాకిలి మాట వాటికీ వర్తిస్తుంది. సగం ఛార్జితో, ఛార్జరు తీసివేసి, ఎండవేడి తగలనిచోట నిలపాలి.

తిరిగి వచ్చిననాడు బండిని ముందుగా ఆరుబయటికి తోయాలి. పెట్రోలు గొట్టం, బ్రేకులు, చక్రాల గాలి చూచి, సైలెన్సర్ గుడ్డ తీసిన తరువాతనే మీట నొక్కాలి. నాలుగు నెలలలో బీమా, కాలుష్య పత్రాల గడువు తీరి ఉండవచ్చును. రాష్ట్రపు ఎల్లను దాటకముందే వాటిని చూచుకోవాలి.