బుజ్జి కోసం వెళ్లాం... సీరం భయంతో వచ్చాం!

‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగం గురించి చిన్న వార్త వచ్చినా చాలు, మా అక్క కొడుకు నా ఫోన్ లాగేసుకుంటాడు. ‘పిన్నీ, బుజ్జి ఎప్పుడొస్తుంది?’ అని. వాడికి ప్రభాస్ కన్నా బుజ్జే పెద్ద హీరో. అందులో వాడి తప్పేం లేదు. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ ఆ బండిని నడుపుకుంటూ జనం ముందుకొచ్చాడు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక ఒకటే గుండ్రటి చక్రం, నోరు విప్పితే కీర్తి సురేశ్ గొంతు. అదే నెల 31న ప్రైమ్‌లో ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ సిరీస్ కూడా దిగింది. ఏడేళ్ల పిల్లాడు పడిపోకుండా ఎలా ఉంటాడు చెప్పండి?

జూన్ 27న సినిమా వచ్చింది. ఆ ఆదివారమే తీసుకెళ్లా. ‘పిల్లలు చూడొచ్చా?’ అని అక్క అడిగితే, ‘కార్టూనే వచ్చిందిగా, ఎందుకు చూడకూడదు!’ అనేశా. యూ/ఏ సర్టిఫికెట్ అని తెలుసు. కానీ అదెవరు పట్టించుకుంటారు?

బుజ్జి ఉన్నంతసేపూ వాడు సీట్లో నిలబడే చూశాడు. కాంప్లెక్స్‌లో ఆ ల్యాబ్ వచ్చాక మాత్రం పాప్‌కార్న్ తినడం ఆగిపోయింది. గర్భంతో ఉన్న ఆడవాళ్ల నుంచి యాస్కిన్ కోసం సీరం తీసే సీన్లు గుర్తున్నాయి కదా. ‘ఆ అక్కని ఏం చేస్తున్నారు పిన్నీ?’ అని చెవిలో అడిగాడు. ఏం చెప్పాలో తోచక ‘మందు తీస్తున్నారు నాన్నా’ అన్నా. అంతకన్నా పిచ్చి జవాబు ఇంకోటి ఉండదు. రెండు వారాలకి వాడికి జ్వరం వస్తే రక్తపరీక్షకి తీసుకెళ్లాం. సూది చూడగానే ‘నా సీరం తీయొద్దు’ అని ఒకటే ఏడుపు. అక్కడున్నవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు, నా వంక చూసింది.

అలాగని రెండో భాగాన్ని పిల్లల కోసం చప్పగా తీయాలని నేననను. అభిమానిగా నాకు కావాల్సింది అసలైన యాస్కిన్. మొదటి భాగంలో కమల్ హాసన్ కనిపించింది కాసేపే. ఒక్క చుక్క సీరంతో మారిపోయి, చివర్లో గాండీవం పట్టుకున్నవాడు ఇప్పుడు భయపెట్టకపోతే ఇంకెప్పుడు భయపెడతాడు? భైరవే కర్ణుడని తేలాక అశ్వత్థామతో లెక్క ఎలా తేలుతుందో కూడా చూడాలి.

అయినా మన పిల్లలకి భయం కొత్తా? ఉత్తర కడుపులోని బిడ్డ మీద అశ్వత్థామ వేసిన అస్త్రం కథ మా అమ్మ వాడికి ఎప్పుడో చెప్పింది. ఆ కథకి వాడు బెదరలేదు. ఎందుకంటే అమ్మ వాడి మొహం చూస్తూ చెబుతుంది, అవసరమైతే ఆపుతుంది, కృష్ణుడు బిడ్డని బతికించాడని చెప్పాకే పడుకోబెడుతుంది. సినిమా మాత్రం కథ మధ్యలో ఆపి, తర్వాతి భాగంలో చూసుకోమంది. మనం ఆ ఖాళీలో థియరీలు రాసుకుంటాం. వాడేమో ఆ అక్క ఏమైపోయిందోనని బెంగ పెట్టుకున్నాడు.

అందుకే 2025 సెప్టెంబర్‌లో, దీపిక రెండో భాగంలో ఉండదని వైజయంతీ మూవీస్ ప్రకటించినప్పుడు నాకు ఫ్యాన్స్ గొడవ కన్నా వాడి ప్రశ్నే పెద్ద తలనొప్పయింది. ‘అంటే ఆ అక్క చచ్చిపోయిందా?’ నటి వేరు, సుమతి పాత్ర వేరు అని చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. నిర్మాతలు, ఆమె మధ్య ఏం జరిగిందో నాకనవసరం. సుమతి, ఆమె కడుపులో బిడ్డ క్షేమంగా బయటపడటం మాత్రం తెర మీద కనిపించాలి. నా మొదటి కోరిక అదే. గాండీవం తర్వాత.

ఈసారి పోస్టర్ మీద ఇంకోటి కూడా చూస్తా. 2024 నవంబర్ నుంచి సెన్సార్ బోర్డు యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టింది. ‘కల్కి’ అంతకు ముందే వచ్చింది కాబట్టి దానికి ఈ అంకె లేదు. అయితే ఇది పెద్దవాళ్లకి ఇచ్చే సలహా మాత్రమే. ‘ఏ’ సినిమాలాగా గేటు దగ్గర పిల్లల్ని ఆపరు. అంటే బాధ్యత మళ్లీ పిన్ని మీదే! 13+ అని వస్తే మొదటి రోజు నేనొక్కదాన్నే చూసొచ్చి, తర్వాత ఆలోచిస్తా.

ఈ మాట వాడికీ చెప్పా. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ‘ఇంకా నాలుగేళ్లేగా పిన్నీ, సినిమా వచ్చేసరికి నాకు పదమూడు వచ్చేస్తాయిలే’ అన్నాడు.