మాటరాని వేదన: నెలలు నిండని శిశువుల నొప్పి - గుర్తింపు, ఉపశమనం

వ్యాససంగ్రహం:
నెలలు నిండకుండా పుట్టి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న శిశువు తన నొప్పిని మాటతో చెప్పలేదు. చాలాసార్లు ఏడుపుతోనూ చెప్పలేదు. ఆ మౌనాన్ని నొప్పి లేకపోవడంగా భావించిన దశ నుంచి, మౌనం వెనుక ఉన్న నొప్పిని కొలిచే దశకు వైద్యశాస్త్రం ఎలా చేరిందో, నేడు అందుబాటులో ఉన్న ఉపశమన మార్గాలేవో, వాటి పరిమితులేవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: నవజాత శిశువు, నెలలు నిండని కాన్పు, నొప్పి కొలమానం, కంగారూ సంరక్షణ, ఉపశమనం.

1. ఉపోద్ఘాతం

"అడగందే అమ్మయినా పెట్టదు" అని తెలుగువారి సామెత. పసిబిడ్డ విషయంలో ఆ అడగడం ఏడుపే. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఆకలికైనా నొప్పికైనా కేరుమంటుంది, ఇల్లంతా కదులుతుంది. గర్భంలో 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన శిశువుకు, అందులోనూ 28 వారాలైనా నిండని శిశువుకు, గట్టిగా ఏడ్చే శక్తి ఉండదు. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు శ్వాసగొట్టం స్వరతంతువుల మధ్య నుంచే వెళుతుంది కనుక ఏడ్చినా శబ్దం బయటికి రాదు.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. వారిలో దాదాపు 30 లక్షల మంది భారతదేశంలో పుట్టినవారే. వీరిలో చాలామందిని బతికించే చికిత్సలోనే నొప్పి ఉంది. మడమ గుచ్చి రక్తం తీయడం, సన్నని నరానికి సూది ఎక్కించడం, గొట్టంలో చేరిన స్రావాలను పీల్చివేయడం, చర్మానికి అంటుకున్న ప్లాస్టరు ఊడదీయడం వంటివి రోజులో ఎన్నోసార్లు జరుగుతాయి. ఫ్రాన్సులో పారిస్ ప్రాంతపు ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో 430 మంది నవజాత శిశువులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కొక్క బిడ్డకు రోజుకు సగటున పది వరకు నొప్పి కలిగించే ప్రక్రియలు జరిగాయి. వాటిలో 79 శాతానికి ముందుగా ప్రత్యేక ఉపశమనమేదీ ఇవ్వలేదు.

2. నొప్పి లేదన్న నమ్మకం

1980ల మధ్యకాలం వరకు వైద్యులలో పలువురు నవజాత శిశువులకు నొప్పి పూర్తిగా తెలియదని నమ్మారు. ఇందుకు ప్రధానంగా మూడు కారణాలు చెప్పేవారు. శిశువు నరాలకు మైలిన్ అనే పొర పూర్తిగా ఏర్పడదు. నొప్పి కలిగినా జ్ఞాపకం ఉండదు. మత్తుమందులు అంత చిన్న ప్రాణానికి ప్రమాదకరం. మూడవ భయంలో కొంత నిజముంది. మొదటి రెండూ నిలబడలేదు. పెద్దవారిలోనూ నొప్పి సంకేతాలు చాలావరకు మైలిన్ లేని, లేదా పలుచని మైలిన్ ఉన్న నాడీతంతువుల ద్వారానే ప్రయాణిస్తాయి. పైగా నొప్పిని మెదడుకు చేరవేసే మార్గాల కంటే, మెదడు నుంచి దిగివచ్చి ఆ నొప్పిని అణచే మార్గాలు ఆలస్యంగా పరిణతి చెందుతాయి. కనుక నెలలు నిండని బిడ్డకు నొప్పి తక్కువ అనుకోవడానికి ఆధారం లేదు. ఎక్కువ కావడానికే అవకాశముంది.

1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువుకు గుండె దగ్గరి రక్తనాళానికి శస్త్రచికిత్స జరిగింది. కండరాలను కదలనివ్వని మందు ఇచ్చారు గాని, నొప్పి తెలియనివ్వని మందు ఇవ్వలేదు. బిడ్డ మరణించిన తరువాత ఆ సంగతి తెలుసుకున్న తల్లి బహిరంగంగా ప్రశ్నించింది. ఆమె ప్రశ్న దేశమంతటా చర్చకు దారితీసింది.

శాస్త్రీయమైన సమాధానం 1987లో వచ్చింది. భారతదేశంలో వైద్యవిద్య చదివి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు అదే రకమైన శస్త్రచికిత్స చేయించుకున్న శిశువులను రెండు వర్గాలుగా పరిశీలించారు. అప్పటి సాధారణ పద్ధతికి అదనంగా ఫెంటానిల్ అనే నొప్పినివారిణి పొందిన బిడ్డలలో ఒత్తిడి హార్మోన్ల పెరుగుదల తక్కువగా కనిపించింది. శస్త్రచికిత్స అనంతర సమస్యలూ తగ్గాయి. అంటే నొప్పి తగ్గించడం కేవలం దయ కాదు, చికిత్సలో భాగమని తేలింది. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నవజాత శిశువులకూ మత్తు ఇవ్వాలని ప్రకటించింది.

3. మౌనాన్ని చదివే కొలమానం

నొప్పి ఉందని ఒప్పుకున్న తరువాత, దానిని ఎలా గుర్తించాలన్న ప్రశ్న మిగిలింది. కెనడాకు చెందిన బానీ స్టీవెన్స్, ఆమె సహచరులు 1996లో రూపొందించిన 'పిప్' కొలమానం దీనికొక సమాధానం. ఇందులో ఏడు అంశాలుంటాయి: గర్భస్థ వయసు, ప్రక్రియకు ముందు బిడ్డ ఉన్న స్థితి, గుండెవేగం, రక్తంలో ఆక్సిజన్ శాతం, కనుబొమల ముడి, కళ్ళు బిగించడం, ముక్కు పక్క నుంచి పెదవి మూలకు సాగే ముడత. ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు; గరిష్ఠం 21. మొత్తం 12 దాటితే నొప్పి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉందని భావిస్తారు.

ఈ కొలమానంలో మొదటి రెండు అంశాలు ముఖ్యంగా గమనించదగినవి. 28 వారాలు నిండని బిడ్డకు వయసు కారణంగానే 3 మార్కులు చేరుతాయి. 36 వారాలు నిండిన బిడ్డకు సున్న. కదలక నిద్రిస్తున్న బిడ్డకు 3. మెలకువగా కదులుతున్న బిడ్డకు సున్న. పైకి ఇది తలకిందులుగా తోస్తుంది. చిన్నబిడ్డ, అలసిన బిడ్డ నొప్పిని తక్కువగా వ్యక్తం చేస్తుంది కనుక, వ్యక్తం చేయలేని ఆ భాగాన్ని కొలమానమే పూరిస్తుంది. తరువాత సవరించిన రూపంలో, ముఖంలోగాని గుండెవేగంలోగాని ఆక్సిజన్‌లోగాని మార్పు కనిపించినప్పుడే ఈ మార్కులు కలపాలని నియమం చేర్చారు.

4. మందులు లేని ఉపశమనం

ఉపశమనంలో మొదటి మెట్టు, అవసరం లేని గుచ్చడాన్ని మానుకోవడం. రక్తపరీక్షలను వీలైనంతవరకు కలిపి ఒకేసారి చేయడం, వెలుతురు, చప్పుడు తగ్గించడం, నిద్రిస్తున్న బిడ్డను పదేపదే కదిలించకపోవడం దీనిలో భాగం. శిశువిభాగంలో శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని అమెరికన్ అకాడమీ సూచన. ప్రక్రియ జరుగుతున్నప్పుడు బిడ్డ కాళ్ళు చేతులు ముడిచి, తలను, పాదాలను రెండు అరచేతులతో పొదివి పట్టుకోవడం కూడా నొప్పిని తగ్గిస్తుంది.

తల్లి ఒడి మరొక మార్గం. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఎడ్గార్ రే సనాబ్రియా ఇంక్యుబేటర్ల కొరత మధ్య ప్రారంభించిన కంగారూ సంరక్షణలో బిడ్డను తల్లి రొమ్ముల నడుమ చర్మానికి చర్మం తగిలేలా ఉంచుతారు. మడమ గుచ్చే సమయంలో ఇలా ఉన్న బిడ్డల నొప్పి మార్కులు తగ్గుతాయని అధ్యయనాలు చూపాయి. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ పొందిన తక్కువ బరువు శిశువులలో మరణాలు 12 శాతం కాగా, బిడ్డ స్థితి కుదుటపడిన తరువాతే దానిని మొదలుపెట్టిన వర్గంలో 15.7 శాతం.

చిన్న ప్రక్రియలకు సుమారు రెండు నిమిషాల ముందు నాలుకపై వేసే కొద్ది చుక్కల చక్కెర ద్రావణం ఏడుపును, ముఖ కవళికలను తగ్గిస్తుంది. అయితే మెదడులో నొప్పికి కలిగే స్పందనను అది తగ్గించలేదని 2010లో లండన్ అధ్యయనం ఒకటి చూపింది. కనుక ముఖం ప్రశాంతంగా ఉండటమే నొప్పి లేకపోవడం అవుతుందా అన్న చర్చ సాగుతూనే ఉంది. పుట్టిన బిడ్డకు తేనె నాకించే మన ఆచారంతో దీనిని పోల్చరాదు. ఇది ఆసుపత్రిలో కొలతతో ఇచ్చేది. ఏడాదిలోపు బిడ్డకు తేనె వల్ల బొట్యులిజమ్ అనే ప్రమాదముంది.

5. మందులు - హద్దులు

శస్త్రచికిత్సకు మత్తు, ఆ తరువాత నొప్పినివారిణి తప్పనిసరి. అత్యవసరం కాని సందర్భంలో శ్వాసగొట్టం వేయడానికి ముందు కూడా మందు ఇవ్వాలన్నది నేటి సిఫారసు. అలాగని వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి బిడ్డకూ ఎడతెగకుండా మార్ఫిన్ ఇవ్వడం మేలు కాదు. 2004లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆ పద్ధతి మరణాలను గాని, మెదడులో తీవ్రమైన రక్తస్రావాన్ని గాని తగ్గించలేదు. అదనపు మోతాదులు పొందిన శిశువులలో రక్తపోటు పడిపోవడం కనిపించింది. మరోవైపు, తొలి వారాల్లో ఎక్కువసార్లు నొప్పికి గురైన శిశువులలో మెదడు ఎదుగుదలలో తేడాలున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. నొప్పిని వదిలేయడమూ, మందును లెక్కలేకుండా వాడడమూ రెండూ హానికరమే. అందుకే కొలమానం అవసరం. కొలిచి ఇవ్వాలి, ఇచ్చాక మళ్ళీ కొలవాలి.

6. ముగింపు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ప్రభుత్వ ఆసుపత్రుల ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాలకు పై మార్గాలలో చాలావరకు ఖరీదైనవి కావు. ఉష్ణోగ్రత, శ్వాస నమోదుచేసే కాగితంలో నొప్పి మార్కులకు ఒక గడి, ప్రక్రియలకు ముందు ఏం చేయాలో రాసిపెట్టిన నియమావళి, తల్లికి బిడ్డ పక్కన కూర్చునే చోటు ఉంటే ఆరంభం జరిగినట్లే. తల్లికి ఈ గుర్తులను ఆమె భాషలో వివరించడం అంతే అవసరం. కనుబొమలు ముడిపడటం, కళ్ళు బిగుసుకోవడం, వేళ్ళు విచ్చుకోవడం ఆమె రోజంతా చూస్తూనే ఉంటుంది; అవి నొప్పికి గుర్తులు కావచ్చునని తెలిస్తే నర్సును పిలవగలదు. అడగలేని బిడ్డ తరఫున అడిగే మొదటి మనిషి ఆమే.