అమ్మోనియా భుజించు అణుజీవులు

వేకువజామున పశువుల కొట్టమును ఊడ్చినవారికిని, కళాయి పోయువాడు కాగిన గిన్నెలో నవాసాగరము చల్లునపుడు దగ్గర నిలిచి చూచినవారికిని, కన్నులు మండించి ముక్కు అదరగొట్టు ఆ ఘాటు కొత్త కాదు. అది అమ్మోనియా. మూత్రములోని యూరియా నిలువయున్న కొలదిని విరిగి అమ్మోనియా యగును. మన పట్టణముల మరుగుదొడ్లనుండి గొట్టములలో బడి పోవు మురుగునందు కరగి దాగియుండునదియు నిదియే. అదే కొట్టములో పాత మట్టిగోడ మొదట తెల్లని పొడివలె పొంగు సురేకారమును గూడ మన పెద్దలెరుగుదురు. ముక్కుపుటములు పగులగొట్టు ఆ అమ్మోనియా, వాసనయే లేని ఈ సురేకారముగా ఎట్లు మారుచున్నదో తెలిసినగాని, మురుగునీటి శుద్ధిలోని ప్రధాన మర్మము బోధపడదు.

1877లో ష్లోసింగ్, ముంట్జ్ అను ఇరువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, ఒక మీటరు పొడవుగల గొట్టమును బాగుగా కాల్చిన ఇసుకతోను సున్నపురాతి పొడితోను నింపి, దానిపై ప్రతిదినము మురుగునీటిని కొలతగా పోయసాగిరి. ఇంచుమించు ఇరువది దినములు పైన పోసిన అమ్మోనియా క్రిందికి అట్లే దిగివచ్చెను. అటుపిమ్మట, సురేకారమునకు సారమైన నైట్రేటు కొద్దికొద్దిగా కనిపింపసాగెను. ఇది ఇసుకకును గాలికిని సంబంధించిన రసాయనిక చర్య మాత్రమే యైనచో మొదటి దినముననే జరుగవలదా? గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా నైట్రేటు పుట్టుట నిలిచిపోయెను. ఆవిరిని తొలగించిన పిదపను తిరిగి మొదలుకాలేదు. కొంచెము మట్టిని కడిగిన నీటిని పోసిన తరువాతనే మరల ఆరంభమయ్యెను. ఇరువది దినములు ఎదుగుటకు పట్టినది, క్లోరోఫారమునకు లొంగినది, మట్టినుండి మరల మొలచినది ప్రాణియే గాని మరియొకటి కానేరదు.

ఆ ప్రాణిని వేరుపరచి చూపుటకు మరి పదమూడేండ్లు పట్టెను. సూక్ష్మజీవులనగా పుష్టికరమైన జెలటిన్‌పై పెరుగునవి యని నమ్మిన కాలమది. 1890లో జ్యూరిచ్ నగరమున వినోగ్రాడ్‌స్కీ ఆ విందునంతయు తొలగించి, అమ్మోనియాయు, కొన్ని ఖనిజలవణములును తప్ప వేరేమియు లేని నీటిలో వానిని పెంచెను. వృక్షములు సూర్యరశ్మి బలముతో బొగ్గుపులుసు వాయువును తమ దేహముగా మార్చుకొనునట్లే, ఇవి చీకటిలో అమ్మోనియాను ప్రాణవాయువుతో కలిపి, అందు పుట్టిన శక్తితో అదే బొగ్గుపులుసు వాయువునుండి తమ శరీరమును నిర్మించుకొనుచున్నవి. నైట్రొసోమోనాస్ మొదలగునవి అమ్మోనియాను నైట్రైటు వరకు తెచ్చి విడువగా, నైట్రోబాక్టరు, నైట్రోస్పైరా అనునవి దానినందుకొని నైట్రేటుగా చేయును. ఈ రెండు పనులను తానొక్కటియే చేయగల నైట్రోస్పైరా జాతులు కొన్ని కలవని 2015లో తెలియవచ్చెను.

అయితే ఈ ఆహారము కడు పేదది. అమ్మోనియాను కాల్చుటలో వచ్చు శక్తి అత్యల్పము. మురుగులోని సాధారణ బాక్టీరియాలు కొన్ని అర్ధగంట గడువకుండ రెట్టింపగుచుండగా, నైట్రొసోమోనాసునకు ఎంత అనుకూలమైన స్థితిలోనైనను ఏడెనిమిది గంటలు కావలెను. శుద్ధితొట్టిలో ఒక దినమో, అంతకు మించియో పట్టును. పైగా ఒక గ్రాము అమ్మోనియా నత్రజని పూర్తిగా నైట్రేటగుటకు 4.57 గ్రాముల ప్రాణవాయువు ఖర్చగును. నీటి క్షారత్వము, సున్నపురాతి లెక్కలో, 7.14 గ్రాములు తరుగును. క్షారము చాలనిచో నీరు పులిసి, వాని పనియే కుంటుపడును.

ఈ మందగమనము మురుగునీటి నిపుణులను ఎంతగా వేధించెనో మాంచెస్టరు నగరపు సీసాల కథ చెప్పును. అచ్చటి డేవీహ్యూమ్ మురుగు కేంద్రమున ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనువారు సీసాలలో మురుగును నింపి, వెలుతురు తగులకుండ కాగితము చుట్టి, గాలి ఊదసాగిరి. అమ్మోనియా యంతయు నైట్రేటగుటకు మొదట దాదాపు అయిదు వారములు పట్టెను. అంతకాలము మురుగును నిలువయుంచుకొనగల నగరమేది? అప్పుడు వారు, పైనున్న తేటనీటిని మాత్రము వంచివేసి, అడుగున దిగిన బురదను పారవేయక, దానిపైననే కొత్త మురుగును పోసిరి. మరల తేర్చి, మరల పోసిరి. ప్రతిసారియు కాలము తగ్గుచు వచ్చి, చివరకు అయిదు వారముల పని ఒక్క దినములోపలనే ముగిసెను. అసహ్యపడి పారబోయుచుండిన ఆ బురదయే అసలైన ధనము. నిదానముగా పెరుగు జీవులు దానినంటి నిలిచి, గుంపుగా కూడియుండుటచేతనే ఆ వేగము. 1914 ఏప్రిలులో వారీ సంగతిని ప్రకటించిరి. ఈ పరిశోధనకు ప్రేరకుడైన గిల్బర్ట్ ఫౌలరు తరువాత కొలది వత్సరములకే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడై వచ్చుట మనకు సంతోషము గూర్చు విషయము.

నేటి శుద్ధికేంద్రములలో చాలభాగము ఆ సీసాయొక్క విస్తృతరూపములే. తేరిన బురదలో అధికభాగమును మరల తొట్టిలోనికి మళ్ళించి, కొంత మాత్రమే బయటికి తీయుదురు. తీసివేయు వేగము ఈ జీవులు రెట్టింపగు వేగమును మించెనా, కొన్ని దినములలో అవి కొట్టుకొనిపోవును. గాలి తగ్గినను మొదట వెనుకబడునవి ఇవియే. ప్రాణవాయువు కొరకైన పోటీలో ఇతర బాక్టీరియాలకు ఇవి చాలవు. బాధాకరమైన సంగతియేమనగా, అప్పుడును నీరు తేటగానే కనిపించును. తేటనీరు చూచి తృప్తిపడువారే మనలో ఎక్కువ. కాని ఆ అమ్మోనియా చెరువు చేరి అందలి ప్రాణవాయువును తినును. పాచి దట్టముగా పట్టిన నీటిలో మధ్యాహ్నవేళ క్షారత పెరుగగా చేపలకు విషమగును. గోదావరి జిల్లాల రొయ్యల రైతులను అడిగినచో, అమ్మోనియా పేరు వినినంతనే వారి ముఖము మారుట చూడవచ్చును. నైట్రేటుతోనైనను కథ ముగియదు. గాలి లేని మరియొక తొట్టిలో వేరు బాక్టీరియాలు దానిని నత్రజనిగా మార్చి ఆకాశమునకు పంపినపుడే శుద్ధి సంపూర్ణము.

ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాదు వంటి నగరములలో పెద్ద అపార్టుమెంటులు అనేకము తమ మురుగును తామే శుద్ధిచేసుకొనుచున్నవి. కరెంటు బిల్లు తగ్గునని రాత్రివేళ గాలియంత్రమును ఆపుట కొన్నిచోట్ల అలవాటైనది. మీరట్టి భవనమున నివసించువారైనచో, ఈ నెల సమావేశమున రెండే ప్రశ్నలు వేయుడు: రాత్రి గాలి ఆడుచున్నదా? బయటికి పోవు నీటిలో అమ్మోనియా ఎంత?