తీగ లాగితే: మాదిరి రైలూ, అసలు రైలూ

తీగ లాగితే డొంకంతా కదిలినదని మన సామెత. ఆ మాట పుట్టిననాడు తీగ అంటే కాకరతీగయో, మల్లెతీగయో మాత్రమే. నేడు గోడలలో దాగిన రాగితీగకు కూడా అది అక్షరాలా వర్తిస్తుంది. గత సంవత్సరం కళాశాల విజ్ఞాన ప్రదర్శనకై మా విద్యార్థులు ఒక మాదిరి రైలు మార్గాన్ని నిర్మించినప్పుడు ఈ సంగతి మాకు చక్కగా బోధపడినది. తెలుగు చెప్పుకొనే వారికి రైలు బండితో ఏమి పని అని ఉర్దూ శాఖలోని మిత్రులు నవ్వినారు. ప్రదర్శన నిర్వహణభారం మా తలపై పడినది, అంతే సంబంధం.

పన్నెండడుగుల చెక్కబల్లపై ఒక కొసన నెల్లూరు స్టేషను, నడుమ పెన్నా వంతెన, ఆవలి కొసన పడుగుపాడు. బండి అక్కడ చుట్టు తిరిగి మరల నెల్లూరు వైపు రావలెనని పట్టాలను ఉచ్చువలె వంచినారు. పట్టాల నడుమ ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇది అసలు రైలును 87వ వంతుకు కుదించిన ఐరోపా కొలత. మన పెద్ద లైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు కనుక, ఆ లెక్కన మన మాదిరికి 19 మిల్లీమీటర్లకు పైగా ఉండవలె. అటువంటి పట్టాలు బజారులో దొరకవు. కనుక మా పెన్నా వంతెనపై నడిచినది కొంత సన్నబడిన రైలని ఒప్పుకొనక తప్పదు.

ఈ బండికి విద్యుత్తు పట్టాల నుండియే అందుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు తగ్గించగా, దానిని ఏకముఖంగా మార్చి, 12 వోల్టులకు మించకుండా పట్టాలకు ఇస్తారు. ఒక పట్టా ధనధ్రువం, రెండవది ఋణధ్రువం. ఇంజను చక్రాలు ఒక్కొక్క వైపు నుండి కరెంటును తీసుకొని మోటారుకు అందిస్తవి. బండి ముందుకు పోవు దిశలో కుడి పట్టా ధనధ్రువమైతే ఇంజను ముందుకు నడుస్తుంది. ధ్రువాలను తారుమారు చేస్తే వెనుకకు నడుస్తుంది. ఇనుప ఇరుసు రెండు చక్రాలను కలిపితే షార్టు అవుతుంది కాబట్టి, మాదిరి బండిలో కనీసం ఒక చక్రాన్ని ఇరుసు నుండి విద్యుత్తు పారకుండా వేరు చేస్తారు. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. అసలు రైలు వద్దకు వచ్చినప్పుడు దీనితో అవసరం పడుతుంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు బండిని నడిపి చూసినాము. నెల్లూరులో చురుకుగా బయలుదేరిన ఇంజను వంతెన ఎక్కేసరికి నీరసించి, పడుగుపాడు చేరకయే ఆగిపోయినది. భౌతికశాస్త్ర శాఖవారు మల్టీమీటరు తెచ్చి చూడగా పడుగుపాడు వద్ద కూడా 12 వోల్టులు చూపినది! కరెంటు ఉన్నది, బండి నడవదు. ఇదేమి చిత్రమని అందరమూ తీగలవైపు చూస్తూ నిలిచినాము.

మోటారు వైండింగు వృత్తిగా గల ఇంటినుండి వచ్చిన డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు, అంతవరకు వెనుక నిలిచినవాడు, మెల్లగా "సార్, మీటరు ఏమీ తాగదు. తాగేదాన్ని పెట్టి చూడండి" అన్నాడు. మోటారు సైకిలు ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టి తెచ్చినాడు. అది 10 వాట్ల బల్బు. 12 వోల్టులపై వెలిగినప్పుడు ఒక ఆంపియరుకు కొంచెం తక్కువ కరెంటు తీసుకొంటుంది. మీటరు తీసుకొనే కరెంటు దాదాపు శూన్యం. తుప్పు పట్టిన అతుకు గుండా ఆ చుక్కపాటి కరెంటు సులువుగా పోతుంది కనుక మీటరుకు లోపం కనబడదు. బల్బు పెట్టగానే నెల్లూరులో ప్రకాశవంతంగా, వంతెనపై పసుపుగా, ఆవలి గట్టున నిప్పుకణిక వలె వెలిగినది.

ఓం సూత్రం ప్రకారం లెక్క కట్టవచ్చును. రాకపోకల దారిలో రెండు పట్టాలకు కలిపి ఇరవై అతుకులున్నవనుకొందాము. ఒక్కొక్క అతుకు నిరోధం 0.2 ఓములైతే మొత్తం 4 ఓములు. ఇంజను అర ఆంపియరు తీసుకొంటే దారిలోనే 2 వోల్టులు హరించిపోతవి. తుప్పు పెరిగితే నష్టమూ పెరుగుతుంది. మన తీరంలో ఇది వింత కాదు. మైపాడు, కృష్ణపట్నం వైపు నుండి వచ్చే గాలిలో ఉప్పు ఉన్నది. ఇసకపల్లి ఉప్పుమళ్ళను చూచినవారికి చెప్పనక్కరలేదు. వేసవి సెలవులలో కిటికీ పక్కన పడియున్న ఇనుప పట్టాలకు ఆ గాలి చేయవలసినదంతా చేసినది. దీనికి విరుగుడు అతుకులను నమ్ముకొనకుండుటయే. బల్ల అడుగున రెండు లావుపాటి రాగితీగలను పొడవునా పరచి, ప్రతి పట్టా ముక్కకు వాటినుండి ఒక చిన్న తీగను తెచ్చి సీసపు మాటు వేసినాము. పట్టాల పైభాగాన్ని స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచినాము. గరుకు కాగితంతో రుద్దరాదు. గీతలు పడి, వాటిలో మురికి మరింతగా చేరుతుంది.

బండి పడుగుపాడు చేరినది. ఉచ్చు చుట్టి తిరిగి వచ్చి, మొదటి దారిని కలిసే చోట టక్కున ఆగినది. ట్రాన్స్‌ఫార్మరు రక్షక స్విచ్చి పడిపోయినది. కారణం వ్రేలితో పట్టా వెంట నడిచినవారికి తెలుస్తుంది. కుడి పట్టాను పట్టుకొని ఉచ్చు చుట్టి వస్తే, చివరకు ఎడమ పట్టా వద్దకు చేరుతాము. అనగా ధనధ్రువం ఋణధ్రువాన్ని తాకుచున్నది. ఉచ్చులోని రెండు పట్టాలనూ రెండు చోట్ల కోసి, ఆ భాగానికి ధ్రువాలను మార్చే స్విచ్చి ద్వారా వేరుగా కరెంటు ఇచ్చినాము. బండి ఉచ్చులో నుండగా ముందు దారి ధ్రువాలను మార్చి, అది బయటకు రాగానే ఉచ్చు స్విచ్చిని మార్చి, తరువాతి బండికి సిద్ధం చేయవలె.

మూడవ లోపం అన్నిటికంటె మొండిది. స్విచ్చి ఒక వైపుననుంటే అంతా సవ్యం. రెండవ వైపునకు త్రిప్పితే బండి వంతెన మొదట్లోనే షార్టు. ఆ సాయంత్రమంతా వెదకినాము. ఆ బల్బు విద్యార్థి పద్ధతి సులభమైనది. దారిని సగానికి తెంపి, లోపం ఏ సగంలో ఉన్నదో చూచి, ఆ సగాన్ని మరల సగం చేయుట. నాలుగైదు మార్లలో తీగ దొరికినది. బల్ల అడుగున 'వంతెన' అని చీటీ కట్టిన తీగ ఉచ్చుకు, 'ఉచ్చు' అని కట్టినది వంతెనకు పోవుచున్నవి. మాటు వేసిన రోజున చీటీలు కట్టిన చేయి వేరు, తీగలు బిగించిన చేయి వేరు. స్విచ్చి త్రిప్పినప్పుడు ఉచ్చుకు బదులు వంతెన ధ్రువాలు మారినవి.

ఆ రెండు చీటీలను చేతిలో పట్టుకొన్నప్పుడు మాకు నవ్వు రాలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, మన నెల్లూరు మీదుగా చెన్నై చేరవలసిన ఆ బండియే, ప్రధాన మార్గానికి పచ్చ సిగ్నలు చూచి, లూపు లైనులోనికి మళ్ళి, నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించినారు. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది ఇదే జాతి లోపం. 2018లో సిగ్నలు సర్క్యూటులో చేసిన మార్పులో తప్పు జరిగినది. గేటు వద్ద పెట్టెలోని తీగల పేర్లు తప్పుగా ఉండి, సంవత్సరాల తరబడి దిద్దబడలేదు. ఆనాటి మరమ్మతుతో ఆ తప్పులు కలిసి ప్రాణాంతకమైనవి.

అసలు రైలు మార్గంలో కూడా పట్టాలలో కరెంటు పారుతుందని చాలమంది ఎరుగరు. 1872లో అమెరికా దేశస్థుడు విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాకు సర్క్యూటు ఇది. పట్టాల ఒక భాగాన్ని ఇరువైపులా వేరు చేసి, ఒక కొసన చిన్న బ్యాటరీ, రెండవ కొసన రిలే ఉంచుతారు. కరెంటు రిలేకు చేరినంతకాలం దారి ఖాళీ అని అర్థం. బండి రాగానే దాని ఇరుసులు రెండు పట్టాలను కలిపి కరెంటును అక్కడే త్రిప్పివేస్తవి. రిలే పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. ఆట బండిలో ఏ షార్టును తప్పించుటకు ఇరుసును వేరు చేసినామో, అసలు బండిలో ఆ షార్టే కాపలాదారు! తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, చాల సందర్భాలలో పట్టా విరిగినా రిలే పడిపోయి ఎర్రదీపమే వెలుగుతుంది. లోపం జరిగినప్పుడు బండి ఆగవలెనేగాని సాగరాదన్నది ఆ ఏర్పాటు. బహనగాలో లోపించినది ఈ సూత్రం కాదు. తప్పు చోటికి బిగించిన తీగ అబద్ధం చెప్పినప్పుడు రిలే దానిని నిజమనే నమ్ముతుంది.

మన తీరపు ఉప్పు, నీరు ఇక్కడ కూడా చిక్కు తెస్తవి. కంకర తడిసి బురదైతే కరెంటు ఒక పట్టా నుండి రెండవదానికి కారిపోయి, బండి లేకున్నను ఎర్రదీపం వెలుగుతుంది. అది ఆలస్యమే గాని అపాయం కాదు. వాడుక లేని పట్టాలపై తుప్పు పేరుకొంటే మాత్రం చక్రం పట్టాను సరిగా తాకక, బండి ఉన్నను లేనట్లు కనబడే ప్రమాదమున్నది. అందువలన ఇరుసులను లెక్కపెట్టే యంత్రాలను నేడు అనేక చోట్ల వాడుచున్నారు. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు వద్ద కట్టనే కోసివేసి రైళ్ళను నిలిపివేసినప్పుడు, ఏ సర్క్యూటుకంటె ముందు మట్టి గట్టిగా ఉండవలెనని కూడా చూచినాము.

ప్రదర్శన నాడు బండి రోజంతా నడిచినది. మధ్యాహ్నం ఒకసారి ఒక పిల్లవాడు తాళంచెవి పట్టాలపై పడవేయగా, ముందుగా తీగలో వరుసగా కలిపియుంచిన ఇండికేటరు బల్బు వెలిగి, కరెంటును తానే భరించి ట్రాన్స్‌ఫార్మరును కాపాడినది. ఇప్పుడు బల్ల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కిటికీకి దూరంగా, టార్పాలిను కప్పబడి ఉన్నది. ప్రతి తీగకు రెండు కొసలా చీటీ ఉన్నది. ఏ రంగు తీగ ఎచటికి పోవునో వ్రాసిన నోటుపుస్తకాన్ని బల్ల కాలికి దారంతో కట్టినాము. చీటీలు కట్టినవారు ఒకరు, బల్బుతో సరిచూచినవారు మరొకరు. ఇద్దరి సంతకాలూ అందులో ఉన్నవి.