మణుగు మారింది, కిలో మారలేదు: మెట్రిక్ కొలతలపై ప్రజల సందేహాలకు సమాధానాలు

కలకడ: తాతల నాటి వీశె, మణుగు ఉండగా కిలోగ్రాము, లీటరు ఎందుకన్న ప్రశ్న గ్రామీణ ప్రాంతాలలో నేటికీ వినిపిస్తూనే ఉంది. ఈ పద్ధతి వలన రైతుకు, వినియోగదారునికి కలిగే ప్రయోజనాన్ని తెలుసుకోవలసిన అవసరం ఉంది.

పాత కొలతలలో చిక్కు ఏమిటి?

1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ ప్రాంతంలో 3 తులాలు ఒక పలము, 40 పలములు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఆ లెక్కన మణుగు సుమారు 11.2 కిలోలు. బెంగాలు మణుగు మాత్రం 37.3 కిలోలు. పేరు ఒకటే అయినా బరువు మూడు రెట్లకు పైగా తేడా. ఊరు దాటితే కొలత మారేది, నష్టం లెక్క తెలియని వానిదయ్యేది. వీశె ధర రూపాయి ఆరణాలైతే 11 పలముల ధర ఎంతో చెప్పడం చదువుకున్నవారికీ కష్టమే.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూనికలు అమలులోకి వచ్చాయి. ప్రస్తుతం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమలులో ఉంది.

లెక్క ఎంత సులభం?

కిలో అంటే వెయ్యి రెట్లు, సెంటీ అంటే నూరవ వంతు, మిల్లీ అంటే వెయ్యవ వంతు. ఈ మూడు తెలిస్తే చాలు. కిలో 24 రూపాయలైతే 350 గ్రాములు 8 రూపాయల 40 పైసలు.

కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం మరో సౌలభ్యం. పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల పాత్రలో లీటరు నీరు పడుతుంది. ఆ నీటి బరువు దాదాపు ఒక కిలో. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది లీటరు నీరు. అంటే 25 మిల్లీమీటర్ల వానకు ఎకరా పొలంలో లక్ష లీటర్లకు పైగా నీరు పడినట్లు. వర్షాధార సేద్యం చేసే మెట్ట రైతుకు ఈ లెక్క ఎంతో ఉపయోగకరం.

గమనించవలసిన విషయాలు

* లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. పాలను లీటర్లలో కొలుస్తున్నారో, కిలోలలో తూస్తున్నారో పాడి రైతులు తెలుసుకోవాలి.

* టమాటాలను తూచినప్పుడు ఖాళీ పెట్టె బరువు మాత్రమే తీసివేయాలి. 25 కిలోల పెట్టెకు ఒక్క కిలో అదనంగా తగ్గించినా, నూరు పెట్టెలకు క్వింటాలు పంట నష్టపోయినట్లే.

* పాత తులం 11.66 గ్రాములు. నేడు 10 గ్రాములను కూడా తులమనే అంటున్నారు. కనుక బంగారాన్ని గ్రాములలోనే అడగాలి.

* భూమిని ఎకరాలు, సెంట్లలో చెప్పుకోవడం కొనసాగుతోంది. ఒక హెక్టారు 2.47 ఎకరాలకు సమానం.

కొలత సరైనదని నమ్మకమేమిటి?

వ్యాపారులు వాడే తూనికలు, కాటాలపై తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ఈ తనిఖీ తప్పనిసరి. సరుకు ఉంచక ముందు కాటా సున్నా చూపుతున్నదా, ముద్ర ఉన్నదా అని అడిగి చూసుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. తూకంలో మోసం జరిగినట్లు భావించినవారు ఆ శాఖ అధికారులకు గాని, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు గాని ఫిర్యాదు చేయవచ్చును.