వంటకూ వెచ్చదనానికీ ఒకటే పొయ్యి

హిమాచల్ ప్రదేశ్ ఎగువ కొండల్లో చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ ఒకే గదిలోకి చేరతారు. అక్కడ ఇనుప రేకుతో చేసిన కట్టెల పొయ్యి ఉంటుంది. దాన్ని తందూరు అంటారు. మన హోటళ్లలో రొట్టెలు కాల్చే మట్టి తందూరు వేరు. పైన పప్పు ఉడుకుతుంటే, కాలిన రేకూ పొగగొట్టమూ గదిని వెచ్చబరుస్తాయి. పొగ గొట్టం గుండా బయటికి పోతుంది.

అసలు కిటుకు కట్టెలో ఉంది. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండొచ్చు. మరుగుతున్న కిలో నీరు ఆవిరి కావడానికే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి ఖర్చవుతుంది. అంటే పచ్చికట్టె పెడితే మంట ముందుగా ఆ కట్టెనే ఆరబెట్టాలి, గదికి దక్కేది మిగిలిందే. పైగా మంట చల్లబడి, కట్టె సరిగా కాలక మసి గొట్టంలో పేరుకుంటుంది. చలి రాకముందే కట్టెలు చీల్చి ఎండబెట్టేది ఇందుకే.

గొట్టం పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే నిలుస్తుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ కనిపించని కణకణలాడే నిప్పుల నుంచీ అది వస్తుంది. తలనొప్పి, మగత కమ్మితే చలి వల్లేననుకుని దుప్పటి ముసుగేయకూడదు. తలుపు తీసి వెంటనే బయటికి రావాలి, బయట మంచు కురుస్తున్నా సరే.